పసుపు తీగ

వారం రోజులుగా గొంతులో చేపముల్లు పడ్డట్టు
గరగరమంటోంది.
మంగళవారం పొద్దున ఆ గరగర కూడా లేదు.
నల్లటి తెర మీద తెల్లటి ఒక్క వరుస:
ఫ్యాను తిరగడం లేదు.
ముందుకెళ్లాలంటే ఎఫ్ వన్ నొక్కండి.

పెరంబూరులో కత్తిరి ఎండలు.
సీలింగు ఫ్యానే వేడిగాలి వడ్డిస్తుంటే
లోపల రూపాయి బిళ్లంత చిప్పు ఏం చేస్తుంది పాపం.

"కొత్తది కొనెయ్యండక్కా" అంటాడు ఇళంగో.
కొనచ్చు.
కానీ నా అక్షరాలన్నీ దీని వీపున గుచ్చిన
అగ్గిపెట్టెంత తాళంలో ఉన్నాయి.
ఆ తాళం దూరే రంధ్రం ఇప్పటి కంప్యూటర్లకు లేదు.
తాళం చేసిచ్చిన విజయవాడ కంపెనీ లేదు,
ఫోన్ చేస్తే ఎవరో టైల్స్ షాపు వాళ్లు ఎత్తుతారు.
పద్దెనిమిది ఫాంట్లు. చేతికి అలవాటైంది ఒకటే,
'క్ష్మ' కింద మ వత్తు
కింది వరుసకు తగలకుండా ఒదిగి కూర్చునేది.

నాలుగు మరలు విప్పితే పందొమ్మిదేళ్ల దుమ్ము,
దుప్పటిలా ఒకే ముక్కగా లేచొచ్చింది.
కాగితం పొట్టు, సాంబ్రాణి వాసన, ఒక బల్లిగుడ్డు పెంకు.
మధ్యలో నాలుగు సెంటీమీటర్ల ఫ్యాను,
ఏడు రెక్కలు, ఒకటి సగమే.
వేలితో తోస్తే ఒక చుట్టు తిరిగి
మొహమాటానికి ఇంకో అరచుట్టు తిరిగి ఆగింది.
కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను,
పోయినేడు పనిచేసిన వైద్యమే.
ఈసారి తాగింది, తిరగలేదు.

రిచీ స్ట్రీట్లో మూడు గంటలు.
అందరూ ముందు నవ్వారు, తర్వాత కొలిచారు, తర్వాత లేదన్నారు.
మెట్ల కింద షాహుల్ భాయ్ నవ్వలేదు,
బిస్కెట్ల డబ్బా బోర్లించాడు.
చచ్చిపోయిన మిషన్ల చిన్న చిన్న గాలులన్నీ అందులో.
ఒక్కోదానికీ కరెంటిచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు,
పుచ్చకాయ ఎంచినట్టు.
"ఇది సరిపోతుంది. రెండు తీగలే, చూసుకోండి."
ఎరుపూ నలుపూ. పాతదానికి పసుపు కూడా ఉంది.
"పసుపుదేం చేస్తుంది?"
"ఎంత తిరుగుతున్నానో బోర్డుకు చెప్తుంది.
తిరగడానికి దాంతో పనిలేదు."
తొంభై రూపాయలు.

పాత దిమ్మెను లాగొద్దన్నాడు,
బెల్లం అచ్చు విడదీసినట్టు మెల్లగా తిప్పమన్నాడు.
టక్కున ఊడింది. నా ప్రాణం ఓ అంగుళం లేచింది.
కింద ఎండిన పేస్టు, మూత తీసి మరిచిన సున్నంలా.
స్పిరిట్టు, పాత వాయిల్ చీర పేలిక.
తుడిస్తే చిప్పు మీద దాని పేరు బయటపడింది,
ఇన్నేళ్లలో ఇదే చూడటం.
కొత్త పేస్టు బియ్యపుగింజంత చాలట,
రెండు గింజలు పెట్టి ఒకటి తీసేశాను.
మర రంధ్రాలు కలవలేదు, రెండు మిల్లీమీటర్ల తేడా.
ప్లాస్టిక్ టైలతో కట్టేశాను, వంకరగా,
బడి గంట కొట్టాక వేసిన జడలా.

స్విచ్ వేశాను.
చప్పుడు లేదు.
బెదిరి ట్రేసింగు కాగితం ముక్క దగ్గర పెడితే
రెపరెపలాడింది.
దిమ్మె మీద వేలు పెట్టాను,
తాగడానికి కుదిరే కాఫీ అంత వెచ్చన.

తెర మీద మాత్రం అదే వరుస:
ఫ్యాను తిరగడం లేదు.

తిరుగుతోంది. చెప్పుకోవడం రాదంతే.

ఆ హెచ్చరికను ఆపేయొచ్చట,
ఇళంగో ఎక్కడో లోపల చూపించాడు. వద్దన్నాను.
రోజూ పొద్దున షట్టరెత్తి
మూతలేని పెట్టె ముందు వంగి
కాగితం ముక్క ఊగడం చూసి
ఎఫ్ వన్ నొక్కుతాను.

గురువారానికి మునుస్వామి నాయుడు గారి
రైల్వే పెన్షనర్ల సంఘం నివేదిక, నలభై పేజీల ప్రూఫు.
కళ్లద్దాలు నుదుటికి తోసుకుని ఆయన
పన్నెండో పేజీలో లక్ష్మమ్మ దగ్గర ఆగారు.
"వత్తు బాగా కూర్చుందమ్మా" అన్నారు.

నేనేం చెప్పలేదు.